ఓర్పు కాదండీ, పని!

మొన్నామధ్య ఒక సన్మాన సభకి వెళ్ళాను. పూలదండలయ్యాయి, శాలువాలయ్యాయి, జ్ఞాపిక కూడా ఇచ్చేశారు. అంతా అయిపోయాక అధ్యక్షులవారికి ఉన్నట్టుండి గుర్తుకొచ్చింది. "అమ్మగారు కూడా వేదిక మీదికి రావాలి" అన్నారు. మూడో వరసలో కూర్చున్న ఆవిడ కొంగు సర్దుకుంటూ, చేతిలో సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక పక్కావిడ ఒళ్ళో పెట్టి, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "వీరి ప్రతి విజయం వెనుకా అమ్మగారి ఓర్పు ఉంది!" అన్నారు వక్తగారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే సందేహం వచ్చింది. ఇంతకీ ఆవిడ ఏం చేసింది? ఆయనగారు రాసిన పుస్తకాల పేర్లు చెప్పారు, తిరిగిన ఊళ్ళు చెప్పారు, చేసిన ఉద్యోగాలు చెప్పారు. ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఒక్క పనీ చెప్పలేదు. గుణం చెప్పి ఊరుకున్నారు. ఆయనకి క్రియాపదాలూ, ఆవిడకి విశేషణాలూ!

ఇది మన సభల్లోనే పుట్టిన ఆచారం అనుకునేరు. కాదు. నూట ఎనభై ఏళ్ళకి పైబడిన ఉదాహరణ ఒకటి ఉంది నా దగ్గర. ఆ బిరుదిచ్చిన వాడు సామాన్యుడు కాదు, సాక్షాత్తూ ఛార్లెస్ డార్విన్.

1839 జనవరి సంగతి. డార్విన్ పెళ్ళికి ఇంకా కొద్ది రోజులే ఉంది. కాబోయే భార్య ఎమ్మా వెడ్జ్‌వుడ్‌కి లండన్ నుంచి ఉత్తరం రాస్తూ ఆనాటి ముచ్చటొకటి చెప్పాడు. ఆ రోజు ఆయనా, మిత్రుడు ఛార్లెస్ లయల్ గారూ కలిసి అరగంటసేపు అచ్చంగా భూగర్భ శాస్త్రమే మాట్లాడుకున్నారట. లయల్ గారి భార్య పాపం అక్కడే ఓర్పుకి కట్టిన స్మారక చిహ్నంలా కూర్చుందట. తనకి సిగ్గేసిందట. అయినా ఆడవాళ్ళని హింసించడంలో తనకింకా అభ్యాసం చాలదనీ, పోగాపోగా మనసు గట్టిపడుతుందనీ, చాలామంది భర్తలకి అదేమంత కష్టం కావడం లేదనీ హాస్యమాడాడు.

హాస్యమే, కాదనను. పైగా మర్యాదస్థుడి హాస్యం. మన ఇళ్ళల్లో హాల్లో నలుగురు మగవాళ్ళు చేరి రెండు గంటలు రాజకీయాలు మాట్లాడుకున్నా, కాఫీ కప్పులు తీసేవాళ్ళ సంగతి తలుచుకుని సిగ్గుపడేవాడు ఒక్కడుండడు. డార్విన్ సిగ్గుపడ్డాడు. సంతోషం. కానీ ఆయనకి తట్టని సంగతొకటుంది. ఆ కుర్చీలో కూర్చున్నావిడ భరిస్తోందని ఎందుకనుకోవాలి? వింటోందని ఎందుకనుకోకూడదు?

ఆవిడెవరో చెబుతాను, మీరే తేల్చండి.

పేరు మేరీ. పుట్టింటి పేరు హార్నర్. 1808లో పుట్టింది. తండ్రి లెనార్డ్ హార్నర్ స్వయంగా భూగర్భ శాస్త్రం తెలిసినవాడు. లండన్ విశ్వవిద్యాలయాన్ని ఆరంభంలో నడిపించిన అధికారి. 1833 తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, మిల్లుల్లో పసిపిల్లల చేత చేయించే చాకిరీని బయటపెట్టి యజమానుల చేత తిట్లు తిన్న మనిషి. ఆరుగురు కూతుళ్ళలో మేరీ పెద్దది. "ఆరుగురాడపిల్లలా!" అని నిట్టూర్చలేదు ఆ తండ్రి, చదివించాడు. కుటుంబం కొంతకాలం జర్మనీలో బాన్ నగరంలో కాపరముంది. మేరీకి ఫ్రెంచి, జర్మన్ బాగా వచ్చు. తర్వాత స్పానిష్, స్వీడిష్ కూడా నేర్చుకుంది. నత్తగుల్లలూ, సముద్రపు గవ్వలూ, ఆల్చిప్పలూ జాతుల వారీగా విడదీసి గుర్తించే విద్య ఆవిడ సొంతం. అంటే ఆ అరగంటా ఆ గదిలో మాట్లాడుకున్నది ఆవిడ చిన్నప్పటినుంచీ పుట్టింట్లో వింటున్న శాస్త్రమే! సంగీతం తెలిసినావిడ ఎదుట ఇద్దరు విద్వాంసులు రాగాల గురించి వాదించుకుంటే, "పాపం ఎంత ఓపిగ్గా కూర్చుందో!" అంటామా?

1832 జూలైలో బాన్ నగరంలో మేరీకీ లయల్‌కీ పెళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఆ జంట వెళ్ళింది విహారానికే. కానీ రైన్ నది వెంబడి, స్విట్జర్లాండు మీదుగా, ఇటలీ దాకా దారి పొడుగునా రాళ్ళు చూసుకుంటూ వెళ్ళారు. కొత్త పెళ్ళికూతురి సామాన్లలో రాతి ముక్కలు కట్టుకొచ్చారన్న మాట. నవ్వొస్తోంది కదూ? నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ రాళ్ళు చూడాలంటే కళ్ళుండాలి. అసలు సంగతి అక్కడే ఉంది.

లయల్ గారికి చూపు సరిగా ఉండేది కాదు. వయసులో బారిస్టరు చదువు చదివినప్పుడే కళ్ళు పాడయ్యాయి. న్యాయవాద వృత్తి వదిలేయడానికి అదీ ఒక కారణం. ఎక్కువసేపు చదివితే కళ్ళు మంటలు. మరి ఆయన ఎంచుకున్న శాస్త్రం ఎలాంటిది? కళ్ళతో చేసేది! కొండ చరియల్లోని పొరలు చూడాలి, పొరల్లోని గుల్లలు ఏరాలి, ఏ గుల్ల ఏ జాతిదో సన్నని గీతలనిబట్టి, మెలికలనిబట్టి పోల్చాలి. ఆపైన అన్ని దేశాల పండితులూ రాసినవి వాళ్ళ వాళ్ళ భాషల్లో చదవాలి.

మేరీ ఆయనకి చదివి వినిపించింది. ఆయన చెబుతుంటే రాసింది. జర్మన్‌లో ఉన్నవాటిని విప్పి చెప్పింది. తెచ్చిన నమూనాలకి చీటీలు కట్టింది, పట్టిక వేసింది, భద్రపరిచింది. 1841లో, మళ్ళీ 1845లో అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళినప్పుడు వెంట వెళ్ళింది. నయాగరా జలపాతం, మిసిసిపీ నది ముఖద్వారం చూడ్డానికి ఆ రోజుల్లో పడవల్లో, బళ్ళలో వెళ్ళడమంటే మన ఇవాళ్టి యాత్రా స్పెషల్ కాదు.

"ఇదంతా సాయమే కదండీ, అసలు బుర్ర ఆయనది" అంటారా? రండి, ఆ బుర్ర ఏం చేసిందో కూడా చూద్దాం.

లయల్ గారి ప్రసిద్ధ గ్రంథం 'భూగర్భ శాస్త్ర సూత్రాలు'. మూడు సంపుటాలు. మొదటిది 1830లో, రెండోది 1832లో, మూడోది పెళ్ళయిన మరుసటి ఏడు 1833లో వచ్చాయి. భూమి మీద మార్పులన్నీ ఏదో ఒక మహా ప్రళయంలో ఒక్కసారిగా వచ్చినవి కావు, ఇవాళ మన కళ్ళ ముందు వాన కోసేదీ, నది మోసేదీ, అగ్నిపర్వతం కక్కేదీ యుగాల తరబడి పేరుకుంటే చాలునని చెప్పిన పుస్తకం అది. మూడో సంపుటంలో ఆయన చేసిన గొప్ప పని రాతి పొరలకి వయసు కట్టడం. ఎలా కట్టాడు? గుల్లలతో! ఒక పొరలో దొరికిన గుల్లల్లో ఈనాటికీ బతికున్న జాతులు ఎన్నో లెక్కవేశారు. నూటికి సుమారు 3.5 ఉంటే చాలా పాతపొర, దానికి ఇయోసీన్ అని పేరు. సుమారు 17 ఉంటే మయోసీన్. అంతకంటె ఎక్కువుంటే ప్లయోసీన్. తొంభై దాటిందంటే నిన్న మొన్నటి పొర కిందే లెక్క. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఈ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మొదటి లెక్కకి గుల్లల్ని గుర్తుపట్టి పట్టికలు తయారుచేసినాయన పారిస్‌లో ఉన్న దేహే అనే నిపుణుడు. ఆ ఘనత ఆయనదే, దాన్ని లాగి మేరీకి కట్టబెట్టను. నేను చెప్పేది ఒక్కటే. గుల్లల్ని పోల్చడమన్నది ఈ శాస్త్రంలో పక్కపని కాదు. గడియారానికి ముల్లు ఎలాంటిదో ఈ శాస్త్రానికి గుల్ల అలాంటిది. ఆ విద్య తెలిసిన మనిషి ఇంట్లోనే, ఆయన పక్క కుర్చీలోనే ఉంది. ఆవిణ్ణి పట్టుకుని ఓర్పుకి స్మారక చిహ్నం అన్నారు!

ఇంకో చిత్రం వినండి. 1832లో కింగ్స్ కాలేజీలో లయల్ గారి ఉపన్యాసాలకి ఆడవాళ్ళని రానిచ్చారు. బాగానే వచ్చారు కూడా. మరుసటి ఏడాదికల్లా కాలేజీ పెద్దలు ఆడవాళ్ళు రాకూడదని తీర్మానించారు. కుర్రవాళ్ళ దృష్టి చెదురుతుందట! చదువుకోవడానికొచ్చిన కుర్రవాడి చూపు పక్కకి పోతే, చెవి లాగాల్సింది వాడిది కదా? అక్కడ హాజరు పడిపోయింది, ఆ ఉద్యోగం వదిలి లయల్ గారు బయటికొచ్చేశారు. తర్వాత ఆయన 1835లో ఒకసారి, 1849లో ఇంకోసారి లండన్ జియలాజికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. ఆ సొసైటీలో ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వడం మొదలైంది 1919లో! భర్త అధ్యక్షుడు, భార్య సభ్యురాలైనా కాదు. ఆవిడ ఏరిన గుల్లకి లోపలికి ప్రవేశం ఉంది, ఏరిన మనిషికి లేదు.

1853-54 చలికాలంలో లయల్ దంపతులు మదీరా, కానరీ ద్వీపాలకి వెళ్ళారు. కానరీ ద్వీపాల్లో మేరీ నేల మీద పాకే నత్తల్ని సేకరించి వాటిని పరిశీలించింది. నత్తలేమిటి అని మొహం చిట్లించకండి. నత్త సముద్రం ఈదలేదు, పిట్టలా ఎగరలేదు. అందుకని ఒక్కో ద్వీపంలో దానికి ప్రత్యేకమైన నత్తలు కనిపిస్తాయి. పక్కపక్కనే ఉన్న దీవుల్లో ఈ తేడాలెందుకొచ్చాయి? గాలపాగస్ దీవుల పిట్టల్ని చూసి డార్విన్ వేసుకున్న ప్రశ్నకి ఇది తోబుట్టువు. జాతులు ఎలా పుడతాయన్న విషయం మీద లయల్ ప్రత్యేకంగా నోటు పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది ఆ ప్రయాణం తర్వాతే, 1855లో. 1856 ఏప్రిల్‌లో డార్విన్ ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన తన సిద్ధాంతం విప్పి చెప్పాడు. "ఆలస్యం చేయకు, అచ్చు వేయించు" అని తొందరపెట్టిన మిత్రుడు లయలే.

డార్విన్‌ని నేను మరీ బోనెక్కిస్తున్నానని మీరనుకోవచ్చు. ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 1844 జూలైలో తన సిద్ధాంతాన్ని ఒక వ్యాసంగా రాసి పెట్టుకున్నాక, హఠాత్తుగా తనకేమన్నా అయితే ఏం చేయాలో భార్య ఎమ్మాకి ఉత్తరం రాసిపెట్టాడు. నాలుగు వందల పౌండ్లు ఖర్చుకి కేటాయించి, దాన్ని అచ్చు వేయించే బాధ్యత ఆవిడ మీద పెట్టాడు. ఆ ఎమ్మా ఎవరు? భర్త ఆలోచనలు తన దైవభక్తికి ఎదురొస్తున్నాయని, చనిపోయాక ఇద్దరం ఒకచోట ఉండమేమోనని కుమిలిపోయిన మనిషి. అయినా ప్రాణం మీదికొస్తే ఆవిడ మీదే నమ్మకం పెట్టాడు. సరదాగా ఉన్నప్పుడు ఆడవాళ్ళ ఓర్పు గుర్తొస్తుంది. గండం ముంచుకొచ్చినప్పుడు వాళ్ళ సమర్థత గుర్తొస్తుంది!

ఆ ఉత్తరంలోనే, సంపాదకత్వానికి అందరికంటె తగినవాడు లయల్ అని కూడా రాశాడు. అలాంటి అవసరం రాలేదు, డార్విన్ హాయిగా బతికి పుస్తకం తానే రాసుకున్నాడు. కానీ వచ్చిందే అనుకోండి. కళ్ళు కనపడని లయల్ గారికి ఆ వ్యాసం చదివి వినిపించాల్సింది ఎవరు? నాకు తోచే జవాబు ఒక్కటే. ఆ ఓర్పు విగ్రహమే దిగొచ్చి కళ్ళజోడు పెట్టుకోవాలి.

ఇప్పుడు నన్ను అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు.

"ఆవిడేమైనా ఫిర్యాదు చేసిందా? సుఖంగానే కాపరం చేసిందిగా?" అంటారు. చేసింది. లయల్ మంచి భర్త. నలభై ఏళ్ళ దాంపత్యం అన్యోన్యంగానే గడిచింది. నా పోట్లాట చెడ్డ భర్తలతో అయితే ఇంత రాయక్కర్లేదు, వాళ్ళని తిట్టడానికి చాలామంది ఉన్నారు. మంచి ఇంట్లో, మంచి మనుషుల మధ్య, ప్రేమగా అన్న మాటలోనే ఒక మనిషి చేసిన పని మాయమైపోతోంది. అదీ నా బాధ. సుఖం వేరు, లెక్క వేరు. అన్నం కడుపునిండా పెట్టాం కదా అని జీతం ఎగ్గొట్టవచ్చా?

"అయితే ఆయన పుస్తకాలు ఆవిడే రాసిందంటావా?" అంటారు. అనను. అది ఇంకో రకం అబద్ధం. ఆయన పుస్తకం ఆయనదే. ఆడదాన్ని గొప్పచేయడానికి మగవాడి సొత్తు దొంగిలించక్కర్లేదు. ఆవిడ చేసిందేదో అది చెబితే చాలు.

"భార్య భర్తకి సాయం చేయడం కూడా పని కిందే లెక్కా?" అంటారు ఇంకొందరు. దీనికి జవాబు లయల్ గారి ఇంట్లోనే దొరుకుతుంది. 1864లో ఆరబెల్లా బక్లీ అనే యువతి ఆయన దగ్గర కార్యదర్శిగా చేరింది. ఆయన పోయేదాకా ఉంది. ఆ తర్వాత పిల్లలకి శాస్త్రం చెప్పే చక్కని పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుంది. కార్యదర్శి చేసే పనులేమిటి? ఉత్తరాలు రాయడం, చదివి వినిపించడం, కాగితాలు సర్దడం. అంతకుముందు మూడు దశాబ్దాలుగా మేరీ చేస్తూ వచ్చినవీ అవే, ఆపైన గుల్లల పరీక్ష అదనం. బయటినుంచి వచ్చిన అమ్మాయి చేస్తే దానికి ఉద్యోగమని పేరు. ఇల్లాలు చేస్తే ఓర్పు! చెయ్యి మారితే పని పేరు మారిపోతుందా?

మేరీ చెల్లెలు కేథరీన్ సంగతి కూడా వినాలి. ఆవిడ లయల్ గారి తమ్ముడు హెన్రీని చేసుకుంది. ఆయన మన దేశంలో కంపెనీ సైన్యంలో ఉద్యోగి. ఆవిడ ఇక్కడ అస్సాం, బెంగాల్ వైపు ఫెర్న్ మొక్కలు సేకరించింది. 1870లో ప్రపంచంలోని ఫెర్న్‌లన్నీ ఎక్కడెక్కడ పెరుగుతాయో చెబుతూ ఒక గ్రంథం తెచ్చింది. బావగారు పోయాక ఆయన జీవితమూ, ఉత్తరాలూ రెండు సంపుటాలుగా కూర్చి 1881లో ప్రచురించింది. మనం ఆయన గురించి ఇంత మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆవిడ పుణ్యం కొంత ఉంది. ఆ పుస్తకం మొదటి పేజీలో సంపాదకురాలి పేరు ఎలా వేశారో తెలుసా? 'వారి మరదలు, మిసెస్ లయల్' అని! ఆవిడ అటు భార్య చెల్లెలూ మరదలే, ఇటు తమ్ముడి భార్యా మరదలే. వరస రెండుసార్లు కలిసింది గానీ, పేరు ఒక్కసారీ కలవలేదు.

లయల్ గారికి 1848లో 'సర్' బిరుదిచ్చారు. దాంతోపాటు మేరీ 'లేడీ లయల్' అయింది. నే చెప్పిన సభలో అమ్మగారిని శాలువా పక్కన నిలబెట్టారు చూడండి, అలాగన్న మాట. 1873లో ఆవిడ పోయింది. రెండేళ్ళు తిరక్కుండా, 1875 ఫిబ్రవరిలో ఆయనా పోయారు. ఆయన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేశారు. ఆయన పేరు మీద పతకం ఉంది, చంద్రుడి మీద ఒక గుంటకి కూడా ఆయన పేరుంది. ఉండాల్సిందే, అర్హుడు. ఆవిడ పేరు మీద ఏముందంటే, ఒక ఉత్తరంలో ఒక పరిహాసం ఉంది.

ఇంతకీ ఈ తప్పు మగవాళ్ళ మీదికే నెట్టేస్తే మనకి సుఖంగా ఉంటుంది. కానీ నిజం చెప్పుకుందాం. మనమేం తక్కువ తిన్నాం? "మా అమ్మ భూదేవి అండీ" అంటాం. ఆ భూదేవి తెల్లారగట్ల లేచి నాన్నగారి కాగితాలు శుభ్రప్రతి రాసేదనో, దుకాణం పద్దు చూసేదనో, కోర్టు దస్తావేజులు కంఠతా పట్టి గుర్తుచేసేదనో చెప్పం. ఎవరైనా మనల్నే అడిగితే, "నేనేం చేశానండీ, ఇంట్లోనే ఉన్నాను" అని నవ్వేస్తాం. మన క్రియాపదాన్ని మనమే కొంగుతో తుడిచేసుకుంటాం. ఓర్పు మంచి గుణమే. రాయికీ ఉంటుంది ఓర్పు. కానీ రాయిని చూసి దాని వయసు చెప్పడానికి మాత్రం చదువు కావాలి.

ఈసారి సన్మాన సభలో "వీరి విజయం వెనుక అమ్మగారి ఓర్పు" అని ఎవరైనా మొదలుపెడితే, చప్పట్లు కొట్టేముందు లేచి మర్యాదగానే ఒక్క ప్రశ్న అడుగుదాం. "అమ్మగారు ఏం చేసేవారండీ?" అని. వక్తగారు నీళ్ళు నమిలితే ఫరవాలేదు. మైకు ఆవిడ చేతికే ఇమ్మనండి. ఆవిడ "నేనేం చేశానులెండి" అంటే మాత్రం ఊరుకోకండి, మళ్ళీ అడగండి.